బొచ్చు తోళ్ల కోసం ఉచ్చులు పన్నడం హక్కా, అనుమతా? ఉత్తర అమెరికా ట్రాపర్ల పోరాటాలపై ఒక సందేహం

న్యాయవిద్యార్థిని:

అందరికీ నమస్కారం. వన్యప్రాణి చట్టాలపై సెమినార్ పత్రం కోసం బీవర్, మార్టెన్, లింక్స్ వంటి జంతువులను తోళ్ల కోసం ఉచ్చులతో పట్టేవారి (ట్రాపర్ల) సంఘాల వాదనలు చదువుతున్నాను. అమెరికాలో నేషనల్ ట్రాపర్స్ అసోసియేషన్ 1959 నుంచి పనిచేస్తోంది. కెనడాలో ఫర్ ఇన్‌స్టిట్యూట్ 1983లో ఏర్పడింది. అందరూ "ఇది మా హక్కు" అనే అంటున్నారు. అయితే ప్రభుత్వం దగ్గర లైసెన్సు తీసుకుని, సీజన్ తెరిచినప్పుడు మాత్రమే చేయగలిగిన పనిని చట్టపరంగా హక్కు అని ఎలా అనగలం? కెనడా ఆదివాసులు ఒడంబడికల ఆధారంగా అడిగేదీ, అమెరికా రాష్ట్రాల్లోని ట్రాపర్లు అడిగేదీ ఒకటేనా? ఉచ్చులో జంతువు పడే బాధ విషయంలో నాకు గట్టి అభ్యంతరమే ఉంది, కానీ ఇక్కడ నా ప్రశ్న చట్టం వరకే.

డెన్వర్ తెలుగువాడు:

అమెరికా సంగతి నేను చెప్పగలను. ఇక్కడ అడవి జంతువులు ప్రజలందరి ఆస్తి అనీ, వాటికి రాష్ట్రం ధర్మకర్త అనీ భావిస్తారు కాబట్టి, మీరన్నట్టు ఇది చాలావరకు అనుమతే. అనుమతిని ఓటుతో రద్దు చేయవచ్చు. 1996లో కొలరాడో, మసాచుసెట్స్ ఓటర్లు, 1998లో కాలిఫోర్నియా ఓటర్లు, 2000లో వాషింగ్టన్ ఓటర్లు చాలా రకాల ఉచ్చులపై నిషేధాన్ని ఆమోదించారు. 2019లో కాలిఫోర్నియా చట్టసభ మరో అడుగు ముందుకు వేసి, వినోదానికైనా వ్యాపారానికైనా తోళ్ల కోసం జంతువులను పట్టడాన్నే నిషేధించింది.

ఈ ఓటములు చూసిన తరువాతే వేటగాళ్ల, ట్రాపర్ల సంఘాలు రాష్ట్ర రాజ్యాంగాల వైపు గట్టిగా దృష్టి పెట్టాయని నా అభిప్రాయం. మాంటానా 2004లో వేట, చేపలు పట్టే అవకాశాన్ని శాశ్వతంగా కాపాడవలసిన వారసత్వంగా తన రాజ్యాంగంలో చేర్చుకుంది. అందులో ఉచ్చుల ప్రస్తావన లేదన్నది గమనించండి. 2016లో అదే రాష్ట్రంలో ప్రభుత్వ భూముల్లో ఉచ్చులను నిషేధించాలన్న ప్రతిపాదన పెద్ద తేడాతో ఓడిపోయింది, అయితే ఆ గెలుపు రాజ్యాంగ వాక్యం వల్ల కాదు, ఓటర్లను ఒప్పించడం వల్ల వచ్చింది. మా కొలరాడోలో 2024లో పర్వత సింహం, బాబ్‌క్యాట్, లింక్స్‌ల వేటను, వాటికి ఉచ్చులు పన్నడాన్ని ఆపాలన్న ప్రతిపాదన కూడా వీగిపోయింది. జీవశాస్త్రజ్ఞులు తేల్చవలసిన విషయాన్ని బ్యాలెట్ మీద పెట్టవద్దన్నదే అప్పుడు ఎక్కువగా వినిపించిన వాదన.

ఎడ్మంటన్ నివాసి:

రెండూ ఒకటి కావు, మీ పత్రానికి ఇదే ముఖ్యమనుకుంటాను. ఆదివాసులకూ ప్రభుత్వానికీ మధ్య 1899లో కుదిరిన ట్రీటీ 8 అనే ఒడంబడిక, ఇప్పటి ఆల్బర్టా ఉత్తర భాగం, బ్రిటిష్ కొలంబియా ఈశాన్య భాగం తదితర ప్రాంతాల ఆదివాసులకు వేట, ఉచ్చులు, చేపలు పట్టడం అనే జీవనవృత్తులను కొనసాగించే హక్కును మాటల్లోనే రాసి ఇచ్చింది. కెనడా 1982 రాజ్యాంగ చట్టంలోని 35వ సెక్షన్ అటువంటి ఒడంబడిక హక్కులకు రాజ్యాంగ రక్షణ కల్పించింది. ఓటర్లు తలచుకుంటే రద్దయ్యే లైసెన్సుకూ దీనికీ పోలిక లేదు.

ఇక ఈ హక్కుకు ముప్పు జంతు ప్రేమికుల నుంచే వస్తుందనుకుంటే సగం కథే తెలిసినట్టు. బ్లూబెర్రీ రివర్ ఫస్ట్ నేషన్స్ అనే ఆదివాసీ సమాజం వారు వేసిన కేసులో బ్రిటిష్ కొలంబియా సుప్రీం కోర్టు 2021లో ఇచ్చిన తీర్పు చదవండి. వారు తమదిగా చెప్పిన ప్రాంతంలో 91 శాతం ఏదో ఒక పారిశ్రామిక పనికి, అంటే గ్యాస్ బావికో, పైపులైనుకో, రోడ్డుకో, నరికిన అడవికో, 500 మీటర్ల లోపే ఉందని రికార్డు చూపించింది. ఒక్కొక్క అనుమతి విడిగా చూస్తే చిన్నదే కావచ్చు, కానీ అవన్నీ కలిసి ఆ ప్రజలు తమ ఒడంబడిక హక్కులను అర్థవంతంగా వినియోగించుకోలేని స్థితిని తెచ్చాయని న్యాయమూర్తి తేల్చారు. జంతువులు లేని అడవిలో ఉచ్చు పన్నే హక్కు కాగితం మీద ఎంత భద్రంగా ఉంటే ఏం లాభం?

ఆదివాసులూ, లైసెన్సు ట్రాపర్లూ ఒకే వేదిక ఎక్కిన సందర్భం కూడా ఉంది. కాలిని పట్టి ఉంచే ఇనుప ఉచ్చులను వాడే దేశాల నుంచి 13 జాతుల తోళ్ల దిగుమతిని ఆపాలని యూరప్ 1991లో చట్టం చేసింది. తోళ్ల అమ్మకమే నగదు ఆదాయమైన ఉత్తర ప్రాంతపు ఊళ్లకు అది గొడ్డలిపెట్టు కాబట్టి, ఆదివాసీ నాయకులు యూరప్ దాకా వెళ్లి వాదించారు. చివరకు 1997లో యూరోపియన్ యూనియన్, కెనడా, రష్యాల మధ్య ఉచ్చుల ప్రమాణాలపై ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం చంపే ఉచ్చు మార్టెన్‌ను 120 సెకన్ల లోపు, బీవర్ వంటి పెద్ద జంతువులను 300 సెకన్ల లోపు స్పృహ కోల్పోయేలా చేయాలి. పరీక్షించిన జంతువుల్లో కనీసం 80 శాతం విషయంలో ఈ గడువు నెరవేరాలి. అయిదు నిమిషాలను మానవీయమని పిలవడం నాకూ మింగుడుపడదు, కానీ మార్కెట్‌ను నిలబెట్టింది ఆ రాజీయే.

నల్లమల కార్యకర్త:

మన దేశంతో పోల్చదలచుకుంటే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే ఉచ్చు పన్నడం కూడా ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం చెంచులు సహా అటవీవాసుల సంప్రదాయ హక్కులను గుర్తిస్తూనే, సెక్షన్ 3(1)(ఎల్)లో వేటాడే, ఉచ్చులు పన్నే సంప్రదాయ హక్కును పేరు పెట్టి మినహాయించింది. తేనె, చింతపండు సేకరణ హక్కు అవుతాయి, ఉడుముకు పెట్టిన ఉచ్చు నేరమవుతుంది. మినహాయింపుగా, 1972 చట్టంలోని 65వ సెక్షన్ నికోబార్ దీవుల షెడ్యూల్డు తెగల వేట హక్కులను అలాగే ఉంచింది. మన వైపు సంఘాలు పోడు భూముల పట్టాల కోసం, అటవీ ఉత్పత్తుల కోసం పోరాడినంతగా ఈ మినహాయింపుపై పోరాడకపోవడానికి కారణం కొంతవరకు భయమేనని నా అనుమానం. వేట అన్న మాట ఎత్తితే చేతికి వచ్చిన పట్టా కూడా పోతుందేమోనన్న భయం అది.

న్యాయవిద్యార్థిని:

ముగ్గురికీ కృతజ్ఞతలు. పత్రాన్ని లైసెన్సు, ఒడంబడిక అనే రెండు భాగాలుగా విడదీసి, సెక్షన్ 3(1)(ఎల్)ను రెండవ భాగంలో పరిశీలిస్తాను. ఎడ్మంటన్ గారూ, 2021 తీర్పుపై ప్రభుత్వం అప్పీలుకు వెళ్లిందా?

ఎడ్మంటన్ నివాసి:

వెళ్లలేదండీ. చర్చల తరువాత 2023 జనవరిలో ఆ ఫస్ట్ నేషన్‌కూ, బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వానికీ మధ్య అమలు ఒప్పందం కుదిరింది. పాడైన నేలను పునరుద్ధరించడానికి నిధి, కొత్త పారిశ్రామిక పనులపై పరిమితులు అందులో ఉన్నాయి. తీర్పుతో పాటు దాన్ని కూడా తప్పక చదవండి.