పరమాణువుల లెక్కతో మొదలుపెట్టి లోహపు బలాన్ని తేల్చగలమా?

చర్చ మొదలుపెట్టినవారు:
రాగి ముక్క ఎంత ప్రతిబలం (ఒక్కో వైశాల్య ప్రమాణం మీద పడే బలం) దగ్గర శాశ్వతంగా సాగడం మొదలుపెడుతుందో ప్రయోగశాలలో లాగి చూడకుండా కంప్యూటరులోనే తేల్చవచ్చని నా వాదన. ఎలక్ట్రాన్ల స్థాయి లెక్క నుంచి పరమాణువుల మధ్య బలాలు, వాటి నుంచి స్ఫటికంలోని డిస్‌లొకేషన్ల (పరమాణువుల వరుస తప్పిన గీతల్లాంటి లోపాల) కదలిక, దాని నుంచి గ్రెయిన్ల (లోహంలోని చిన్న చిన్న స్ఫటికాల) ప్రవర్తన, ఇలా ఒక మెట్టు ఫలితాన్ని పై మెట్టుకు అందిస్తూ పోతే చాలు. లోపం దగ్గర పరమాణువులను, దూరంగా పరమాణువులుగా విడదీయని అవిచ్ఛిన్న పదార్థాన్ని ఒకే లెక్కలో కలిపే పద్ధతిని టాడ్‌మోర్, ఓర్టిజ్, ఫిలిప్స్ 1996లోనే చూపారు.

బదులు:
మీరు పొడవుల మెట్లను చూస్తున్నారు గానీ కాలపు మెట్లను వదిలేస్తున్నారు. పరమాణువుల కదలికను లెక్కించే ఒక్కో అడుగు సుమారు ఒక ఫెమ్టోసెకను (సెకనులో 10¹⁵వ వంతు). ముక్కను లాగి చూసే మామూలు తన్యత పరీక్షలో వంద సెకన్లు పట్టే సాగుదలకు అలాంటివి 10¹⁷ అడుగులు కావాలి. అందుకే దాన్ని పది నానోసెకన్లలోకి కుదిస్తారు, అంటే వెయ్యి కోట్ల రెట్లు వేగంగా లాగుతారు. వేడి సాయంతో అడ్డంకిని దాటవలసిన డిస్‌లొకేషన్‌కు అంత వ్యవధి దొరకదు కనుక, లోహం ఉన్నదానికన్నా బలంగా కనిపిస్తుంది.

చర్చ మొదలుపెట్టినవారు:
ఈ అభ్యంతరం న్యాయమైనదే. అయితే పై మెట్టుకు అందించవలసింది కదలికంతా కాదు, అడ్డంకి ఎత్తు మాత్రమే. ఆ శక్తిని విడిగా లెక్కగడితే, దాన్ని ఎంతసేపటికి ఒకసారి దాటుతుందో ఉష్ణోగ్రతను బట్టి చెప్పవచ్చు.

బదులు:
ఒక్క డిస్‌లొకేషన్‌కు అది చాలు. 1934లో టేలర్, ఒరోవాన్, పొలాన్యీ ఈ లోపాన్ని ఎవరికి వారుగా ప్రతిపాదించినప్పటి నుంచి ఒక్కదాని సంగతి మనకు చాలా తెలిసింది. కానీ వేడి చేయకుండా బాగా సాగగొట్టిన లోహంలో, ఒక్క ఘన మిల్లీమీటరులోనే ఈ గీతల మొత్తం పొడవు వెయ్యి కిలోమీటర్ల దాకా ఉంటుంది, అదీ ఒకదానితో ఒకటి చిక్కుపడి. ఆ గుంపు గోడలుగా, గదులుగా ఎందుకు సర్దుకుంటుందో కింది మెట్టు నుంచి రాబట్టే సర్వసమ్మతమైన సిద్ధాంతం ఇంకా లేదు. అందువల్ల లోహం గట్టిపడే తీరును చెప్పే స్థిరాంకాలను తన్యత పరీక్షలో ప్రతిబలానికి, సాగుదలకు మధ్య వచ్చిన గీతకు సరిపోయేలా దిద్దుతారు. ఆ పైన కంప్యూటరు నమూనా అదే గీతను తిరిగి గీసిందని ముందస్తు అంచనాగా చూపడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

పరీక్ష పెట్టాలంటే, లాగిన ముక్కను దిశ మార్చి నొక్కండి. బౌషింగర్ ప్రభావం వల్ల అది ఎదురు దిశలో తొందరగా లొంగుతుంది. స్థిరాంకాలను ముట్టుకోకుండా ఆ లొంగుబాటు ఎక్కడ మొదలవుతుందో మీ నమూనా ముందే చెబితే, నా వాదనను వెనక్కి తీసుకుంటాను.

చర్చ మొదలుపెట్టినవారు:
ఒప్పుకుంటున్నాను. గ్రెయిన్ల సరిహద్దులు అడ్డురాకుండా రాగి ఏకస్ఫటికంతో మొదలుపెడదాం. నా లెక్క ఇక్కడ పెట్టేదాకా నొక్కిన గీతను నాకు చూపవద్దు.