గోల్ఫ్ మైదానంలో 'ఫోర్!' అని వినబడితే: దీన్ని తెలుగులో ఎలా రాయాలి?

పర్లాకిమిడి నుంచి ప్రశ్న:
అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్తున్న మన వైపు పెద్దవాళ్లకు ఏప్రిల్‌లో ఆగస్టా మాస్టర్స్ గోల్ఫ్ చూసే వీలు కుదిరింది. లాటరీలో సోమవారం ప్రాక్టీస్ రౌండు టికెట్లు తగిలాయి. వాళ్ల కోసం ఒక పేజీ తెలుగు కాగితం తయారు చేస్తున్నాం. చాలామంది ఒడియా బడిలో చదివినవాళ్లు, తెలుగు కూడబలుక్కుని చదువుతారు. అందుకని మాటలు పొట్టిగా, వాడుకలో ఉన్నవే కావాలి. మూడు దగ్గర ఆగిపోయాం: 'ఫోర్', 'టీ', 'హోల్'. 'ఫోర్'కి 'తప్పుకోండి' అని రాశాం. సరిపోతుందా?

బరంపురం మాస్టారు:
సరిపోదమ్మా. 'తప్పుకోండి' అంటే మనిషి అటో ఇటో పరిగెడతాడు. బంతి ఎటు వస్తోందో తెలియకుండా పరిగెడితే దానికి ఎదురెళ్లొచ్చు. పైగా అసలు చిక్కు అనువాదంలో లేదు, వినడంలో ఉంది. క్రికెట్ చూసి పెరిగిన చెవికి 'ఫోర్!' అంటే బౌండరీ. ఆ కేక వినగానే మనవాళ్లు తల ఎత్తి బంతి ఎక్కడుందా అని చూస్తారు. గోల్ఫ్‌లో ఆ క్షణంలో చేయకూడని పని అదే. కాబట్టి కాగితంలో మొదటి వాక్యం ఇలా ఉండాలి: "ఇక్కడ ఫోర్ అంటే బౌండరీ కాదు, బంతి జనం మీదికి వస్తోందని."

ఆ తర్వాత చేయాల్సింది వరసగా రాయండి. కేక వచ్చిన వైపు వీపు తిప్పాలి. వంగాలి. రెండు చేతులతో తల, మెడ వెనక భాగం కప్పుకోవాలి. పక్కన చెట్టుంటే దాని చాటుకు చేరాలి. బంతి నేల మీద పడిన చప్పుడో, జనం మామూలుగా మాట్లాడుకోవడమో వినబడేదాకా లేవకూడదు.

రాయగడ సభ్యురాలు:
'కాచుకోండి' అంటే ఎలా ఉంటుందండి?

బరంపురం మాస్టారు:
'కాచుకో' మన దగ్గర సవాలుకి కూడా వాడతాం, చదివినవాళ్లు ఒక్క క్షణం తడబడతారు. 'జాగ్రత్త' మరీ మెత్తన. 'తల దాచుకో' నయం, ఏ పని చేయాలో అందులోనే ఉంది. అయితే కాగితంలో అర్థంగా రాసేది వేరు, అక్కడ నిజంగా వినబడేది వేరు. అక్కడ ఎవరూ తెలుగులో అరవరు కదా. అందుకే 'ఫోర్' తెలుగు అక్షరాల్లో అలాగే పెద్దగా రాసి, పక్కన 'తల దాచుకో' అని పెట్టండి.

జయపురం సభ్యుడు:
మాస్టారి మాటకి ఇంకొంచెం. ఆటగాడు గానీ కాడీ (ఆటగాడి కర్రల సంచి మోసే మనిషి) గానీ 'ఫోర్' అని అరుస్తూ చెయ్యి కుడికో ఎడమకో చాపుతాడు, బంతి అటు వంకర పోయిందని సైగ. టీ, అంటే మొదటి షాట్ కొట్టే చోటు, దగ్గరున్నవాళ్లకి ఆ సైగ కనబడుతుంది. 250 మీటర్ల అవతల ఉన్నవాళ్లకి కేక కూడా సన్నగానే చేరుతుంది. ప్రమాదం వాళ్లకే, ఎందుకంటే పెద్ద ఆటగాళ్ల మొదటి షాట్లు 270, 300 మీటర్ల దగ్గర దిగుతాయి. బంతి బరువు 45.93 గ్రాములకు మించకూడదు, క్రికెట్ బంతిలో మూడో వంతు కూడా ఉండదు. కానీ కర్ర నుంచి బయల్దేరేటప్పుడు వేగం గంటకు 270 కిలోమీటర్లు దాటుతుంది. 2018లో పారిస్ దగ్గర రైడర్ కప్ గోల్ఫ్ పోటీలో బంతి తగిలి ఒక ప్రేక్షకురాలికి ఒక కంటి చూపు పోయింది. పెద్దవాళ్లను టీ వెనకో, గ్రీన్ (జెండా చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) పక్కనో కూర్చోమనండి. మధ్యలో, జనాన్ని ఆపే తాడు పక్కన టీకి వీపు పెట్టి నిలబడి కబుర్లు చెప్పుకోవద్దని తప్పకుండా రాయండి. పడిన బంతిని ముట్టుకోకూడదు, చుట్టూ కాస్త ఖాళీ వదలాలి. వెతకడానికి ఆటగాడికి ఉండేది మూడు నిమిషాలే, కాబట్టి పడిన చోటు చూసినవాళ్లు వేలుపెట్టి చూపిస్తే మంచి సాయం.

పర్లాకిమిడి:
బాగుంది, అలాగే మారుస్తాం. మరి 'టీ'? "పదో టీ దగ్గర కలుద్దాం" అని రాస్తే టీ కొట్టు అనుకుంటారని భయం.

రాయగడ సభ్యురాలు:
అనుకుంటారు! పైగా అక్కడ ఫోన్ ఉండదు. మాస్టర్స్‌లో వారమంతా లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. పట్టుబడితే బయటికి పంపేస్తారు, టికెట్ హక్కే పోవచ్చు. కారులో వదిలి రావాలి. అందువల్ల కలుసుకునే చోటు మాట తప్పితే మనిషి దొరకడు. 'టీ గట్టు' అనండి. టీ నిజంగానే చదును చేసి కాస్త ఎత్తుగా కట్టిన పచ్చిక గట్టు. మన పల్లెల్లో గట్టు అంటే ఎవరికైనా తెలుసు. కలిసే చోటు మాత్రం గట్టు కూడా వద్దు. ఒకేలాంటివి పద్దెనిమిది ఉంటాయి. క్లబ్ హౌస్ దగ్గర పెద్ద చెట్టో, పెద్ద స్కోరుబోర్డో ఒకటి పొద్దున్నే చూపించి, టైము కూడా చెప్పుకోవాలి. చేతి గడియారం మరిచిపోవద్దు. పిల్లల నంబర్లు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి, మైదానంలో ఉచితంగా వాడుకునే ఫోన్లు ఉంటాయి.

కెమెరా మాటకొస్తే, సోమ, మంగళ, బుధవారాల్లో విడి కెమెరా తెచ్చుకోవచ్చు. ఫోనే కెమెరా అనుకునేవాళ్లకి ఆ తేడా విడమర్చి రాయాలి.

గుణుపురం సభ్యుడు:
'హోల్' సంగతి నేను చెప్తాను. ఇంగ్లీషులో ఆ ఒక్క మాట రెండు పనులు చేస్తోంది. టీ నుంచి జెండా దాకా ఉన్న మొత్తం స్థలమూ హోలే, జెండా గుచ్చిన చిన్న గుంత కూడా హోలే. తెలుగులో రెండు మాటలు పెట్టకపోతే "పన్నెండో హోల్ దగ్గర కూర్చోండి" అన్నప్పుడు ఎక్కడ కూర్చోవాలో తెలియదు. 'గుంట' మాత్రం వద్దు. మన వైపు గుంట అంటే పిల్ల. 'గొయ్యి' అందామంటే బంకర్‌ని ఇసుక గొయ్యి అనక తప్పదు, రెండూ కలిసిపోతాయి. 'కప్పు' గోల్ఫ్ వాళ్లే అంటారు కానీ, టీ పక్కన కప్పు వస్తే చదివినవాళ్లు ఇంకో దారిలో పోతారు. నా ఓటు: మొత్తం స్థలానికి 'హోల్' అనే ఉంచి నంబరు ముందు పెట్టండి, 108 మి.మీ. వెడల్పున్న ఆ చిన్నదానికి 'జెండా గుంత'.

బరంపురం మాస్టారు:
ఒప్పుకుంటాను. హోల్‌ని 'మజిలీ' అందామన్న సూచన ఇదివరకు వచ్చింది. మజిలీ ఆగే చోటు, ఇది నడిచే చోటు, కుదరదు. అనువాదం కోసం అనువాదం వద్దు. వాడుక భాషే రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరి నుంచి వెళ్తున్న కాగితం కదా ఇది, నలుగురూ అనే మాటే రాద్దాం.

జయపురం సభ్యుడు:
పన్నెండో హోల్ మాట వచ్చింది కాబట్టి: ఆ టీ గట్టు వెనక మెట్ల గ్యాలరీ ఉంది. అక్కడ కూర్చుంటే పదకొండో గ్రీన్, పన్నెండో హోల్ మొత్తం, పదమూడో టీ గట్టు ఒకే చోటి నుంచి కనబడతాయి. పెద్దవాళ్లకి అదే మంచి చోటు. కానీ దారి గురించి హెచ్చరించండి. టీవీలో ఆగస్టా చదునుగా కనబడుతుంది. పదో హోల్ ఒక్కటే టీ నుంచి గ్రీన్‌కి సుమారు 30 మీటర్లు దిగుతుంది. దిగేటప్పుడు సుఖమే, మధ్యాహ్నం ఎండలో ఎక్కేటప్పుడే మోకాళ్లు మొరాయిస్తాయి. పొద్దున్నే దిగి, ఒకటి రెండు చోట్ల ఎక్కువసేపు కూర్చుని, ఆగుతూ ఎక్కాలి. పరిగెత్తడానికి వీల్లేదు, కాపలావాళ్లు ఆపేస్తారు. చేతులున్న మడత కుర్చీలు రానివ్వరు, చేతుల్లేనివి తీసుకెళ్లొచ్చు. కుర్చీ వేసి తిరగడానికి వెళ్తే ఎవరూ కదపరు. ఖాళీగా ఉంటే వేరేవాళ్లు కూర్చోవచ్చు, మీరు రాగానే లేస్తారు. ఆ మర్యాద మనవాళ్లకీ ముందే తెలియాలి.

తిండి బయటి నుంచి తేనివ్వరు. మాంసం తిననివాళ్లకి పిమెంటో చీజ్ శాండ్‌విచ్ ఉంది, ఒకటిన్నర డాలర్. షుగర్ మందులు వేసుకునేవాళ్లు ఏవి లోపలికి తేవచ్చో టికెట్‌తో వచ్చే నిబంధనల్లో ముందే చూసుకోవాలి.

పర్లాకిమిడి:
'కట్', 'బర్డీ', 'బోగీ' లాంటి స్కోరు మాటలు కూడా వివరించాలా?

రాయగడ సభ్యురాలు:
సోమవారం స్కోరే ఉండదు, కట్, అంటే వెనకబడినవాళ్లను పోటీ నుంచి తప్పించడం, శుక్రవారం సంగతి. తీసేయండి. ఆ జాగాలో పదహారో హోల్ గురించి రాయండి. అక్కడ చెరువు ఉంది. ప్రాక్టీసు రోజుల్లో ఆటగాళ్లు బంతిని నీళ్ల మీద కప్పగంతులు వేయిస్తూ గ్రీన్ మీదికి పంపుతారు, చెరువులో పెంకు విసిరినట్టే. జనం 'స్కిప్! స్కిప్!' అని అడుగుతారు. అరవడానికి అనుమతి ఉన్న సందర్భం అది. మిగతా చోట్ల ఆటగాడు బంతి ముందు నిలబడగానే మాట, నడక రెండూ ఆపాలి. కాపలావాళ్లు చెయ్యెత్తితే అర్థం అదే. పేరున్న ఆటగాడు కొట్టగానే లేచిపోవద్దు, ఆ గుంపులో మిగతావాళ్లు ఇంకా కొట్టాలి.

బరంపురం మాస్టారు:
దీనికి కాగితంలో 'నిశ్శబ్దం' అని రాయకండమ్మా, ఒత్తులు చూసి ఆగిపోతారు. 'మాట ఆపు, అడుగు ఆపు' అని రాయండి. అక్షరాలు పెద్దవి వేయండి, పేజీ ఒకటే పక్క ముద్రించండి.