6/9 చేసినా రేటింగ్ 15 పాయింట్లు ఎలా పడింది?

నల్లగడి:
చెస్‌లో నా ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) స్టాండర్డ్ రేటింగ్ 1720. మొన్న తొమ్మిది రౌండ్ల స్విస్ (ఓడినా అందరూ అన్ని రౌండ్లూ ఆడే) టోర్నీలో 6 పాయింట్లు చేశాను. గెలిచింది 1520, 1570 రేటింగ్ వాళ్ళ మీద, ఇంకా ఇద్దరు అన్‌రేటెడ్ (రేటింగ్ లేనివాళ్ళ) మీద. ఒకతను రాలేదు, వాకోవర్‌గా పాయింటు వచ్చింది. డ్రాలు 1920, 1420తో. ఓడింది 1670, 1620 చేతిలో (ఈ 1620 పదమూడేళ్ళ పిల్లాడు!). పెరుగుతుందని సంబరపడుతుంటే మైనస్ 15.2 చూపిస్తోంది. 5 పాయింట్లే చేసిన నా ఫ్రెండ్‌కి ప్లస్. లెక్కలో ఏదో తేడా ఉంది, కంప్లయింట్ చెయ్యాలా?

గడియారం_ఆపండి:
అక్కర్లేదండీ, లెక్క సరిగ్గానే ఉంది. ఆర్బిటర్‌ని (టోర్నీ రిఫరీని) కాబట్టి టోర్నీ ముగిసిన ప్రతి సాయంత్రం ఈ ప్రశ్న నా టేబుల్ దగ్గరికి వస్తూనే ఉంటుంది.

ముందు ఆ 6/9ని మర్చిపోండి, అది ప్రైజుల లెక్క. వాకోవర్‌లో ఆటే జరగలేదు కాబట్టి రేటింగ్‌కి పనికిరాదు. అన్‌రేటెడ్ వాళ్ళ మీద గెలుపులు కూడా మీ ఖాతాలోకి రావు. ఇక మిగిలింది ఆరు గేములు, మూడు పాయింట్లు.

ఆ ఆరింటిలో మీ నుంచి ఎంత రావాలో ఫిడే పట్టికలో ముందే ఉంటుంది. మీకంటే 200 తక్కువున్నవాళ్ళ మీద గేముకి సగటున 0.76 పాయింటు తేవాలి, 300 తక్కువైతే 0.85. అదే 200 ఎక్కువున్నవాళ్ళ మీద 0.24 చాలు. తెచ్చినదానికీ తేవాల్సినదానికీ ఉన్న తేడాని మీ కె ఫ్యాక్టర్ (రేటింగ్ ఎంత వేగంగా మారాలో చెప్పే అంకె) 20తో గుణిస్తారు. 1520 మీద గెలిచారు, తేడా 0.24, వచ్చింది 4.8. చెమటోడ్చి గెలిచినా అంతే ఇస్తారు. 1420తో డ్రాకి 7 పోయాయి, 1920తో డ్రాకి 5.2 వచ్చాయి. రెండు డ్రాలూ కలిపి నష్టం 1.8 మాత్రమే. చాలామంది చిన్న రేటింగ్ వాళ్ళతో చేసిన డ్రానే తలుచుకుని కుమిలిపోతారు గానీ మీ కొంప ముంచింది అది కాదు. 1670 దగ్గర 11.4, 1620 దగ్గర 12.8 పోయాయి. 1570 మీద గెలుపుకి వచ్చిన 6 కూడా కలుపుకోండి, మైనస్ 15.2 తేలుతుంది.

మీ ఫ్రెండ్ తనకంటే పెద్ద రేటింగ్ వాళ్ళతో ఎక్కువ ఆడి ఉంటాడు, చూడండి.

చదరంగం_అమ్మ:
సార్, మా అమ్మాయికి పదిహేనేళ్ళు. ఒక టోర్నీలో 90 పెరిగింది, తర్వాతి దాంట్లో 70 పడింది. ఇలా ఊగడం మామూలేనా? నాకైతే ఒకటే టెన్షన్.

గడియారం_ఆపండి:
మామూలేనమ్మా. పద్దెనిమిదేళ్ళు నిండే సంవత్సరం చివరిదాకా, 2300 లోపు ఉన్నంతకాలం, కె 40. కొత్తగా రేటింగ్ వచ్చినవాళ్ళకి కూడా 30 గేములు అయ్యేదాకా అంతే. మిగతావాళ్ళకి 20. ఒక్కసారి 2400 తాకితే 10, మళ్ళీ కిందికి పడినా 10 గానే ఉంటుంది.

నల్లగడి గారూ, మీ పదమూడేళ్ళ కుర్రాడి సంగతీ ఇందులోనే ఉంది. ఆ గేములో మీకు 12.8 పోతే అతనికి కె 40 కాబట్టి 25.6 వచ్చాయి. ఎవరి లెక్క వాళ్ళదే. పైగా ఫిడే రేటింగ్ లిస్టు వచ్చేది నెలకోసారి. పిల్లలు అంతకంటే వేగంగా ఎదుగుతారు. వాడి పేరు పక్కన 1620 అని ఉన్నా బోర్డు మీద ఆడింది అంతకంటే ఎక్కువే అయ్యుంటుంది. నన్నడిగితే ఆ 12.8 గురించి బాధపడటం దండగ. 1670 మీద ఓడిన గేము మాత్రం తిరిగి చూసుకోండి.

ఒంటి_బంటు:
అందుకే నేను చివర్లో చిన్న రేటింగ్ వాళ్ళతో జత పడితే టోర్నీ నుంచి తప్పుకుంటా. ఆడకపోతే పోదుగా!

గడియారం_ఆపండి:
పోదు, నిజమే. రాదు కూడా. దాచుకుని ఏం చేస్తారండీ? తప్పుకునేటప్పుడు మాకు ముందే చెప్పండి చాలు. లేకపోతే గడియారం తిరుగుతుంటే ఎదుటి మనిషి ఖాళీ కుర్చీని చూస్తూ కూర్చోవాలి.

నల్లగడి:
థాంక్యూ సార్. ఇంకో డౌటు. ఈ నెలలోనే మరో టోర్నీ ఉంది. అందులో నా రేటింగ్ 1705 అవుతుందా?

గడియారం_ఆపండి:
కాదు, 1720తోనే ఆడతారు. ఈ నెల లిస్టులో ఏముందో అదే. రెండూ నెలలోపు ముగిసి, రిపోర్టులు టైముకి వెళ్తే, రెండింటి మార్పూ కలిపి వచ్చే నెల ఒకటో తారీఖు లిస్టులో చూపిస్తారు. అక్కడ ప్లస్ 16 తెచ్చుకోండి, అప్పుడు 1721.