అప్‌డేట్: సున్నపు తేట పాలలా మారింది, కానీ కార్బనేట్ కాదు

ల్యాబ్‌లో ఏంటో కనిపెట్టమని ఇచ్చిన తెల్ల సాల్ట్ మీద డైల్యూట్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే వచ్చిన గ్యాస్ సున్నపు తేటను పాలలా మార్చింది, అంటే కార్బన్ డయాక్సైడ్, సాల్ట్ కార్బనేట్ అనుకున్నాను, మరి ఈ ఘాటు వాసన ఏంటి, కార్బనేట్‌కి వాసన ఉంటుందా అని అడిగాను కదా. డైక్రోమేట్ కాగితం పెట్టి చూడమన్న అన్నకి చాలా థాంక్స్. ఆమ్లం కలిపిన పొటాషియం డైక్రోమేట్‌లో ముంచిన ఫిల్టర్ పేపర్‌ని టెస్ట్‌ట్యూబ్ మూతి దగ్గర పెట్టగానే నారింజ రంగు పోయి ఆకుపచ్చ అయింది. అంటే సల్ఫర్ డయాక్సైడ్, సాల్ట్ సల్ఫైట్. కార్బన్ డయాక్సైడ్ ఈ కాగితాన్ని ఏమీ చేయలేదు, సున్నపు తేట దగ్గర మాత్రం రెండూ ఒకటే, ఎక్కువసేపు పంపితే ఆ తెలుపు పోయి మళ్లీ తేటగా అవడంతో సహా.

అక్కడితో అయిపోలేదు. సాల్ట్ ద్రావణంలో బేరియం క్లోరైడ్ వేస్తే తెల్ల అవక్షేపం (కరగకుండా విడిపడే పదార్థం) వచ్చింది, దాని మీద డైల్యూట్ ఆమ్లం పోస్తే చాలావరకు కరిగి కొంచెం అలాగే ఉండిపోయింది. ఒట్టి సల్ఫైట్ అయితే మొత్తం కరగాలి కదా అని టెన్షన్. సార్‌ని అడిగితే, సీసా పాతదమ్మా, గాలి తగిలి కొంత సల్ఫేట్ అయిపోయి ఉంటుంది, బేరియం సల్ఫేట్ ఆమ్లంలో కరగదు అన్నారు. రికార్డులో మాత్రం అందరం 'పూర్తిగా కరిగింది' అనే రాస్తాం!

సాల్ట్‌లోని కేటయాన్ (ధనావేశం ఉన్న భాగం) సోడియం. జ్వాల పరీక్షలో బంగారు పసుపు, కోబాల్ట్ నీలి గాజులోంచి చూస్తే ఊదా రంగేమీ లేదు కాబట్టి పొటాషియం కాదు.

ఆస్తమా ఉన్నవాళ్లు ఈ గ్యాస్‌కి దూరంగా ఉండండి.