43 ఏనుగులు అమ్మితే 387 రూపాయలు మిగిలాయి, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

వైజాగ్_బొమ్మలపిల్ల:
అందరికీ నమస్తే. ఎనిమిది నెలలుగా కొండపల్లి బొమ్మలు ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతున్నాను. పోయిన నెల ఒక రీల్ బాగా నడిచింది, 43 ఆర్డర్లు వచ్చాయి, అన్నీ అంబారీ ఏనుగులే. కొండపల్లిలో ఒకటి 260కి తెచ్చి 499కి ఇస్తున్నాను, డెలివరీ ఫ్రీ. పెట్టె, ప్యాకింగ్ 30, కొరియర్ 140. ఆరు బొమ్మలు విరిగిపోతే మళ్ళీ పంపాను. నెలాఖరుకి లెక్క వేస్తే 387 రూపాయలు మిగిలాయి. ఇంట్లో "ఇంత కష్టం దీనికా" అంటున్నారు. రేటు పెంచుదామంటే "కొండపల్లిలో 250కే ఇస్తారుగా" అని కామెంట్లు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

కలంకారీ_రవి:
ఫ్రీ డెలివరీ ముందు ఆపండి. నేను ఆపిన వారం ఆర్డర్లు తగ్గాయి, తర్వాత మామూలే.

గొల్లపూడి_అక్క:
చెల్లీ, రేటు సంగతి తర్వాత, ముందు నీ పెట్టె కొలత చెప్పు. నాలుగంగుళాల ఏనుగుకి 140 కొరియరా? పెద్ద పెట్టెలో పంపుతున్నావని పందెం కడతాను. కొరియర్ వాళ్ళు తూకం ఒక్కటే చూడరు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. ఆ లెక్కా అసలు తూకమూ చూసి, ఏది ఎక్కువైతే దానికి డబ్బు వేస్తారు. 30, 25, 20 పెట్టె అంటే మూడు కేజీలు. లోపల ఏనుగు పావుకేజీ ఉండదు, పొణికి కర్ర దూదిలా ఉంటుంది కదా. అదే 20, 16, 15 పెట్టె అయితే 0.96, కేజీ లోపే. నాకు ఆ సైజుకి 75 దాటడం లేదు. అట్టపెట్టెలు కొలత ఇచ్చి చేయించుకో, వంద తీసుకుంటే చేసేవాళ్ళున్నారు.

ఇక విరగడం. ఆరేళ్ళ కింద నా మొదటి దసరాకి తొండాలు విరిగినవి ఒక గంపెడు వెనక్కి వచ్చాయి. ఆ కొరియర్ వాళ్ళని తిట్టుకుంటూ కూర్చున్నాను. తీరా చూస్తే తప్పు నాది. బొమ్మకి బబుల్ షీటు నాలుగు చుట్లు చుట్టాను గానీ, పొట్ట కింద, తొండానికీ ముందు కాళ్ళకీ మధ్య ఖాళీ అలాగే వదిలేశాను. పైనుంచి దెబ్బ తగిలితే ఆ ఖాళీ దగ్గరే పుటుక్కుమంటుంది. కొండపల్లి బొమ్మ ఒకే చెక్కలో చెక్కింది కాదు. అవయవాలు విడిగా చేసి, చింతగింజల గుజ్జు, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ అతుకులే పట్టుకోవాలి. ఇప్పుడు నేను చేసేది ఇదీ: ముందు పల్చని తెల్ల కాగితంలో చుడతాను (ఎండాకాలం బబుల్ షీటు నేరుగా రంగుకి అంటుకుని చుక్కలు చుక్కలుగా అచ్చు పడుతుంది, నా అంబారీలు రెండు మశూచి వచ్చినట్టు అయ్యాయి). తర్వాత ఖాళీల్లో నలిపిన కాగితం కూరి, పైన ఒక్క చుట్టు బబుల్ షీటు. పెట్టె మూసి చెవి దగ్గర ఊపి చూస్తాను. లోపల కదిలిందా, మళ్ళీ విప్పడమే. పోయిన ఏడాది అంతా కలిపి నాలుగు విరిగాయి.

నీ లెక్క చూడు. బొమ్మకి 69 మిగులుతోంది. విరిగిన ఆరూ మళ్ళీ పంపిన ఖర్చు 43 బొమ్మల మీద పంచితే బొమ్మకి 60 పోతోంది. మిగిలిన తొమ్మిదిలో నువ్వు ఏం తింటావు? అంతేగానీ ఆ 260 దగ్గర మాత్రం బేరం ఆడకు. కర్ర చెక్కి, సెగ మీద ఆరబెట్టి, సుద్ద పూసి, రంగులు వేసేవాళ్ళ చేతికి వచ్చేది అదే.

250 అనేవాళ్ళకి నా జవాబు ఒకటే. "నిజమేనండీ, విజయవాడ నుంచి పాతిక కిలోమీటర్లు కూడా లేదు, వచ్చి మీరే చూసి తీసుకోండి." ఒకావిడ నిజంగానే వచ్చింది, వెళ్ళేటప్పుడు నా దగ్గర దశావతారాల సెట్టు కూడా కొనుక్కుపోయింది.

ఇంకోటి, ఫొటోలో బొమ్మని అరచేతిలో పెట్టి తియ్యి. సైజు అంకెల్లో రాస్తే ఎవరూ చదవరు, ఇంటికి వచ్చాక "ఇంత చిన్నదా" అంటారు.

గుంటూరు_లెక్కలు:
పన్నుల పని చేస్తుంటాను కాబట్టి రెండు ముక్కలు. చేతిపని వస్తువులకి సడలింపు ఉంది. టర్నోవర్ 20 లక్షలు దాటకపోతే జీఎస్టీ నంబర్ లేకుండానే వేరే రాష్ట్రానికి అమ్మవచ్చు. పాన్ ఉండాలి, రాష్ట్రం దాటే పార్సిల్‌కి విలువ ఎంత తక్కువైనా ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం) ఉండాలి. ఇది చాలామందికి తెలియదు. రెండోది, 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. కేంద్ర హస్తకళల శాఖలో నమోదైన కళాకారులకి, జీఐ (భౌగోళిక గుర్తింపు) అధీకృత వాడకందార్లకి మినహాయింపు ఉంది. అది వాళ్ళ పేరు మీద ఉంటుంది, తెచ్చి అమ్మే మీ పేరు మీద కాదు. మీకు బొమ్మలిచ్చేవాళ్ళ గుర్తింపు కార్డు కాపీ అడిగి దగ్గర పెట్టుకుని, మీకు ఎంతవరకు వర్తిస్తుందో మీ ఆడిటర్‌తో మాట్లాడండి.

వైజాగ్_బొమ్మలపిల్ల:
అక్కా, ఇప్పుడే టేపు పెట్టి కొలిచాను. 32, 25, 20! సిగ్గుగా ఉంది. ఈ-వే బిల్లు సంగతి అసలు తెలీదు, థాంక్స్ అండీ. ఒక్క డౌటు, దసరా కొలువుకి కృష్ణుళ్ళు అడుగుతున్నారు. ఆ వేణువు ఎలా పంపాలి? చూస్తేనే విరిగేలా ఉంది.

గొల్లపూడి_అక్క:
దసరాకైతే ఇప్పుడే అడ్వాన్సు ఇచ్చి చెప్పుకో, వానల్లో సుద్ద, రంగు తొందరగా ఆరవు, చివర్లో అడిగితే పచ్చిగానే చేతిలో పెడతారు. వేణువు అతికించకుండా ఇమ్మని చెప్పు. అగ్గిపెట్టెలో దూది పరిచి అందులో పెట్టి, ఫెవికాల్ చిన్న ట్యూబు జత చెయ్యి. ఎలా పెట్టాలో ఇరవై సెకన్ల వీడియో వాట్సాప్‌లో పంపు. మా కస్టమర్లలో ఒకాయన కుడివైపు పెట్టాల్సింది ఎడమవైపు పెట్టి ఫొటో పంపాడు, అందుకని వీడియో మర్చిపోకు.