సముద్రపు నీటి అక్వేరియంలో నైట్రేట్ 80 దగ్గరే ఆగిపోయింది, ఏం చేయాలి?

మాది 300 లీటర్ల సముద్రపు నీటి ట్యాంకు. ఊరు వదిలి వెళ్తున్న స్నేహితుడు చేపలతో సహా ఇచ్చాడు. అందులో రెండు క్లౌన్‌ఫిష్‌లు, ఒక ఎల్లో టాంగ్, ఒక బ్లూ టాంగ్, ఒక ఫాక్స్‌ఫేస్, నాలుగు డామ్‌సెల్స్ ఉన్నాయి. ట్యాంకుకు ఇవి ఎక్కువే, తెలుసు. బ్లూ టాంగ్‌కు పెద్ద ట్యాంకున్న వాళ్ల కోసం వెతుకుతున్నాను. కాబట్టి "చేపల్ని తగ్గించు" అనే సలహా తప్ప ఇంకేదైనా చెప్పండి!

చేపల వ్యర్థాలు, మిగిలిన మేత వల్ల నీటిలో పేరుకునే నైట్రేట్ 80 పీపీఎం, ఫాస్ఫేట్ 0.3. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా. వారానికి 20 శాతం నీళ్లు మారుస్తున్నాను. మార్చగానే లెక్క ప్రకారం 64కి దిగుతుంది, వచ్చే వారానికి మళ్లీ మొదటికే. వాడేది ఆర్‌ఓ నీళ్లే, టీడీఎస్ సున్నా చూపిస్తోంది. స్కిమ్మర్ (నురగతో మురికిని బయటికి తీసే పరికరం) బాగానే లాగుతోంది. రాళ్ల మీద మాత్రం పచ్చటి నాచు జుట్టులా వేలాడుతోంది. చేత్తో పీకితే నాలుగు రోజుల్లో మళ్లీ తయారు. ఫాక్స్‌ఫేస్ నాచు తింటుందంటారు గానీ, మా దొరగారికి గుళికలే ఇష్టం.

నాకున్న దారులు రెండు. సంప్‌లో (ట్యాంకు కింద ఫిల్టర్ సామాను ఉండే తొట్టిలో) లైటు పెట్టి, నైట్రేట్‌ను పీల్చుకునే కీటో (కీటోమోర్ఫా) నాచు పెంచడం ఒకటి, వెనిగర్ డోసింగ్, అంటే నైట్రేట్‌ను వాడుకునే బ్యాక్టీరియా పెరగడానికి రోజూ కొంచెం వెనిగర్ కలపడం రెండోది. డోసు ఎక్కువైతే బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగి ఆక్సిజన్ పడిపోతుందని చదివాక రెండోదంటే టెన్షన్. ఇన్ని చేపలున్న ట్యాంకులో కీటో ఒక్కటే సరిపోతుందా? వెనిగర్ వాడినవాళ్లు ఎంతతో మొదలుపెట్టారు? ఫాస్ఫేట్‌కు జీఎఫ్‌ఓ (ఫాస్ఫేట్‌ను పట్టుకునే ఐరన్ ఆక్సైడ్ గుళికలు) ఇప్పుడే వేయాలా, నైట్రేట్ దిగాకా? కొన్ని మెత్తటి కోరల్స్ కూడా ఉన్నాయి, ఒక్కసారిగా మార్పు వస్తే అవి తట్టుకుంటాయో లేదోనని అడుగుతున్నాను.