చెత్తగా తీసిన దయ్యం సినిమాలు: చూసి ఆనందించడం తప్పా?

కాజీపేట జంక్షన్:
మన సినిమా గ్రూపు వాళ్ళు ఈ శనివారం హనుమకొండలో నాసిరకం దయ్యం సినిమాలు వరసగా వేస్తామంటున్నారు. నేను వద్దన్నాను. రాని పని నెత్తినేసుకుని ఒకడు అభాసుపాలైతే చూసి నవ్వడం ఏం వినోదం? 1966లో అమెరికాలోని ఎల్ పాసోలో ఎరువులు అమ్ముకునే హెరాల్డ్ వారెన్ 'మనోస్' అనే హారర్ సినిమా తీశాడు. మాటలన్నీ తర్వాత కొద్దిమందితోనే డబ్బింగ్ చెప్పించాడు. అందులో నటించిన చిన్న పాపకు ఎవరో పెద్దావిడ గొంతు పెట్టారు. ప్రీమియర్‌లో ఆ గొంతు విని పాప ఏడ్చేసింది. జనం ఇప్పటికీ ఆ సినిమా పెట్టుకుని పడీపడీ నవ్వుతున్నారు.

భద్రకాళి చెరువు కట్ట:
అన్నా, పాప కథ సగంలో ఆపారు. ఆమె పెద్దయ్యాక అదే సినిమా మీద పుస్తకం రాసింది, అభిమానులను కలుస్తుంటుంది. వాళ్ళ నవ్వులో ఎగతాళి ఒక్కటే ఉంటే ఆమె అటువైపు వెళ్ళేదే కాదు.

వారెన్ వాడింది కీ ఇచ్చి నడిపే కెమెరా. ఒకసారి కీ ఇస్తే 32 సెకన్లకు మించి ఆడదు. అది తెలిశాక ప్రతి షాటూ ఎప్పుడు తెగుతుందా అని టెన్షన్‌తో చూస్తాం. కథలోని భూతం ఆ టెన్షన్‌లో పావు వంతు కూడా పుట్టించలేదు.

ఎడ్ వుడ్ తీసిన 'ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్' చూడండి. డ్రాకులాగా పేరొచ్చిన బేలా లుగోసీ 1956లో పోయాడు. వుడ్ దగ్గర ఆయన మీద తీసిన కాస్త ఫిల్మే మిగిలింది. మిగతా సీన్లకు తన భార్యకు వెన్నునొప్పి వైద్యం చేసేవాడిని తెచ్చి, మొహానికి నల్లబట్ట అడ్డం పెట్టించి నడిపించాడు. చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు. 1980లో అమెరికాలో సినిమాల మీద రాసే మెడ్వెడ్ సోదరులు దాన్ని అన్నిటికన్నా చెత్త సినిమాగా తేల్చారు. చేతకానితనం సరే, పోయిన మనిషిని ఎట్లాగైనా తన సినిమాలో ఉంచుకోవాలన్న ఆ పట్టు చూస్తే నాకు కడుపు నిండుతుంది.

మన వరంగల్ కోటలో కుర్రాళ్ళు తీసిన ఒక షార్ట్ ఫిల్మ్ ఉంది. తెల్లచీర దయ్యం నడుస్తుంటే కుచ్చిళ్ళ కింద నీలం పట్టీల హవాయి చెప్పులు కనిపిస్తాయి. నేలంతా సర్కారు తుమ్మ ముళ్ళు. ఆ వేషం కట్టిన పిల్లగాడు చెప్పుల్లేకుండా ఎట్లా నడుస్తాడు? భయం అక్కడే పోయింది, నిజమే. కానీ ఆ పిల్లగాడి మీద కలిగిన ఇష్టం నాకు కోట్లు పోసి చేసిన ఏ గ్రాఫిక్స్ దయ్యం మీదా కలగలేదు. కావాలని చెత్తగా తీసేవాళ్ళ సినిమాల్లో ఇది దొరకదు. చెప్పులు కూడా వాళ్ళే పెట్టి చూపిస్తారు.

ఎనుమాముల మిర్చి:
హిందీలో దయ్యం సినిమాలు తీసిన రామ్‌సే బ్రదర్స్‌ను కూడా లిస్టులో పెట్టారట, అది అన్యాయం. 'పురానా మందిర్' 1984లో పెద్ద హిట్. డైరెక్షన్ తులసి, శ్యామ్; కెమెరా గంగూ; అందరూ అన్నదమ్ములే. తక్కువ డబ్బుతో తీయడం వేరు, తీయడం రాకపోవడం వేరు.

జమ్మికుంట టీచర్:
మీరంతా తీసినవాళ్ళ గురించే మాట్లాడుతున్నారు. ఈ చవక సినిమాల్లో సగం కథలు బాణామతివే. ఊరి చివర ఒంటరి ముసలమ్మ, ఆమే మంత్రగత్తె. 2022 జనవరిలో జగిత్యాలలో మంత్రాల నెపంతో ఒకే కుటుంబంలో ముగ్గురిని చంపారు. అలాంటి చోట ఈ కథ నవ్వుకునే కథ ఎట్లా అవుతుంది?

భద్రకాళి చెరువు కట్ట:
మేడమ్, మీ బాధ న్యాయమైనదే. కానీ మంత్రగత్తె విగ్గు ఊడిపోతుంటే ఎవరు నమ్ముతారు? మంచి కెమెరా, మంచి ఆర్‌ఆర్‌తో (బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్‌తో) వణికించే పెద్ద సినిమాలే ఆ నమ్మకాన్ని గట్టిగా నాటుతాయి. ముందు వాటిని నిలదీయాలి.

జమ్మికుంట టీచర్:
వాటినీ నిలదీద్దాం. విగ్గు ఊడటం మీకు కనిపిస్తుంది, ఎందుకంటే మీకు సినిమా ఎట్లా తీస్తారో తెలుసు. మా దగ్గర ఇదే సినిమాను ఫోన్లో ముక్కలుగా చూసేవాళ్ళకు పక్కింటి ముసలమ్మ గుర్తొస్తుంది. శనివారం లిస్టులోంచి మంత్రగత్తె కథలు తీసేయండి. చెప్పుల దయ్యం వేస్తే మాత్రం నేనూ వస్తాను, మా తొమ్మిదో తరగతి పిల్లల్ని కూడా తీసుకొస్తాను.